ఒక్క దవడ ముక్క చూసి ఇంత కథ ఎలా చెబుతున్నారు?

అనుమానాల_పుట్ట
మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఆదిమానవుల పాఠం ఒకటి ఉంది. బొమ్మలో ఒళ్లంతా వెంట్రుకలున్న మనిషి నిప్పు ముందు కూర్చుని రాయి చెక్కుతుంటాడు, పక్కన ఒక ఆడమనిషి బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంటుంది, కింద "లక్షల సంవత్సరాల క్రితం" అని రాసి ఉంటుంది. "ఇదంతా ఎవరు చూశారు నాన్నా?" అని అది అడిగితే, శాస్త్రవేత్తలు కనిపెట్టారని చెప్పి తప్పించుకున్నాను. "ఎలా కనిపెట్టారు?" అన్న రెండో ప్రశ్నకు మాత్రం నోట మాట రాలేదు. ఆ తరువాత నేనే కొంత చదివాను, చదివిన కొద్దీ అనుమానాలు పెరిగాయి. ఒక పన్నో దవడ ముక్కో దొరికితే దాని వయసు ఇన్ని లక్షల ఏళ్లని ఎలా తేలుస్తారు? ఒక్కరి ఎముక చూసి ఒక జాతి మొత్తం గురించి ఎలా మాట్లాడతారు? పదేళ్లకొకసారి ఆ అంకెలు ఎందుకు మారిపోతుంటాయి? నేను సైన్సును నమ్మని మనిషిని కాను. అయితే నమ్మమంటున్న విషయం దేని మీద నిలబడి ఉందో ఎవరూ చెప్పకపోవడమే నా ఫిర్యాదు.

బూడిద_పొర
మొదటి ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, భూగర్భశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎముకను ఏదో యంత్రంలో పెడితే వయసు బయటికి వస్తుందని చాలామంది అనుకుంటారు. అంత పాత ఎముకల విషయంలో సాధారణంగా కొలిచేది ఎముక వయసు కాదు, అది ఏ పొరల మధ్య దొరికిందో ఆ పొరల వయసు. తూర్పు ఆఫ్రికాలో అగ్నిపర్వతాలు పేలినప్పుడల్లా బూడిద నేలంతా పరుచుకుంది. ఆ బూడిదలోని స్ఫటికాలలో పొటాషియం ఉంటుంది. దానిలో పొటాషియం-40 అనే అతి స్వల్ప భాగం చాలా నెమ్మదిగా తరుగుతూ కొంత ఆర్గాన్ వాయువుగా, మిగతాది కాల్షియంగా మారుతుంది. అది సగానికి తగ్గడానికి సుమారు 125 కోట్ల సంవత్సరాలు పడుతుంది. రాయి కరిగి ఉన్నంతసేపూ ఆర్గాన్ తప్పించుకుపోతుంది, గట్టిపడ్డాక పుట్టిన ఆర్గాన్ మాత్రం స్ఫటికంలోనే చిక్కుకుంటుంది. కాబట్టి చిక్కుకున్నది ఎంతో కొలిస్తే బూడిద ఎప్పుడు రాలిందో తెలుస్తుంది. ఎముకకు పైన ఒక బూడిద పొర, కింద ఒక బూడిద పొర ఉంటే, ఆ జీవి చనిపోయిన కాలం ఆ రెండు తేదీల మధ్యలోనే ఉండాలి. 1974లో ఇథియోపియాలోని హదార్‌లో డొనాల్డ్ జొహాన్సన్ బృందానికి దొరికిన 'లూసీ' అనే ఆదిమ స్త్రీ అస్థిపంజరానికి సుమారు 32 లక్షల ఏళ్లని చెప్పింది ఇటువంటి లెక్కతోనే.

నిద్ర_పట్టనివాడు
అంటే ఎముక నోరు విప్పదు, ఇరుగుపొరుగు ఇచ్చిన సాక్ష్యం మీద దాని పుట్టిన రోజు రాసుకుంటారన్నమాట. మా తాతగారి జననం కూడా "పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అనే నమోదయింది.

బూడిద_పొర
మీరు హాస్యానికి అన్నా, మాట సరిగ్గానే ఉంది. కాకపోతే ఈ పొరుగువాడు అబద్ధం చెప్పడు, మనమే అతని మాట తప్పుగా వినవచ్చు. ఎలుక తవ్విన బొరియలోకో, నేల పగులులోకో పై పొర ఎముక జారిపడి ఉండవచ్చు, వాగు ఒకచోటి ఎముకను మరోచోటికి చేర్చి ఉండవచ్చు. అందుకే తవ్వకంలో ఎముక కంటే ముందు దాని చుట్టూ ఉన్న మట్టిని చదువుతారు. అనుమానానికి తావు లేకుండా కలిసివచ్చిన సందర్భాలూ ఉన్నాయి. టాంజానియాలోని లేటోలిలో 1978లో మేరీ లీకీ బృందం వెలికితీసిన అడుగుజాడలు అటువంటివే. రాలిన బూడిద వానకు తడిసింది, ఆ తడి మీద ఎవరో నడిచారు, ఆ తరువాత అది గట్టిపడి మళ్లీ బూడిద కప్పేసింది. అక్కడ జాడ వేరు, పొర వేరు కాదు, బూడిదే జాడ. సుమారు 36 లక్షల ఏళ్ల కిందటి ఆ జాడలలో బొటనవేలు మిగతా వేళ్లతో వరుసగా ఉంది, చింపాంజీకి ఉన్నట్టు పక్కకు విడిపోలేదు. నిటారుగా నడిచారని చెప్పడానికి ఎవరి ఊహా అక్కరలేదు.

అనుమానాల_పుట్ట
ఇది బాగుంది మాస్టారూ. అయితే అన్నిటికీ కార్బన్ పరీక్ష చేస్తారని నేను విన్నాను, మీరు దాని పేరే ఎత్తలేదు.

ఐసోటోపు
కార్బన్ పరీక్ష గురించి అందరూ వినే ఉంటారు, కానీ దాని చేయి 50 వేల ఏళ్లు దాటి అందదని చెప్పేవారు తక్కువ. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకూ సగానికి సగం తగ్గుతుంది. పది సార్లు సగమయ్యాక వెయ్యో వంతు కూడా మిగలదు, ఆ చిటికెడును కొలిచేటప్పుడు ఏ కొంచెం కొత్త కార్బన్ కలిసినా లెక్క తలకిందులవుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను. కార్బన్-14 బొత్తిగా లేని లక్షల ఏళ్ల నాటి నమూనాలో నేటి కార్బన్ నూటికి ఒక పాలు కలిసిందనుకోండి, పరీక్షలో దాని వయసు దాదాపు 37 వేల ఏళ్లని వస్తుంది. నేను పనిచేసిన ప్రయోగశాలలో ఒకసారి ఎవరో నమూనాను దూదిలో చుట్టి పంపారు. మొక్క నుంచి వచ్చిన ఆ దూది పోగులను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరడానికి నాకు రెండు రోజులు పట్టింది.

బూడిద దొరకని చోట, కార్బన్ అందని కాలానికి వేరే దారులున్నాయి. మట్టిలోని సహజ రేడియోధార్మికత వల్ల చెకుముకి రాయి స్ఫటికాలలో ఎలక్ట్రాన్లు కొద్దికొద్దిగా చిక్కుకుంటూ పోతాయి. ఆ రాయి నిప్పులో పడి బాగా కాలితే అవన్నీ విడుదలై లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ప్రయోగశాలలో దాన్ని తిరిగి వేడి చేస్తే చిన్న వెలుగు వస్తుంది, ఆ వెలుగు ఎంత ఉందో చూసి, చివరిసారి కాలి ఎన్నాళ్లయిందో లెక్క కడతారు. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో 1961లో గని పనివారికి ఒక పుర్రె దొరికింది. దాని వయసు 40 వేల ఏళ్లుంటుందని చాలాకాలం అనుకున్నారు. అక్కడే మళ్లీ తవ్వి, కాలిన చెకుముకి పెచ్చులను ఈ పద్ధతిలో కొలిచి, 2017లో సుమారు 3,15,000 ఏళ్లని ప్రకటించారు.

అనుమానాల_పుట్ట
నలభై వేలు కాస్తా మూడు లక్షల పదిహేను వేలయింది. నా మూడో ప్రశ్నకు ఇంతకంటే మంచి సాక్ష్యం నేను కూడా తేలేను. రేపు ముప్పై లక్షలంటే ఏం చేయాలి?

ఐసోటోపు
అలా అనరు, ఎందుకంటే ఆ 3,15,000 పక్కన అటూ ఇటూ 34 వేల ఏళ్లని హద్దు కూడా రాశారు. మొదటి అంచనాకు అటువంటి కొలత ఆధారం లేదు. అందులో ఎక్కువ భాగం పుర్రె ఆకారం చూసి వేసిన ఊహ. ఊహ తరువాత కొలత వస్తే అంకె మారకుండా ఎలా ఉంటుంది?

పాత_ఫైలు
అనుమానాల పుట్ట గారికి అసలైన ఆయుధం నేను అందిస్తాను. 1912లో ఇంగ్లండులోని పిల్ట్‌డౌన్‌లో ఆదిమానవుడి పుర్రె దొరికిందని చార్లెస్ డాసన్ ప్రకటించారు. మెదడు మనిషిది, దవడ కోతిది, సరిగ్గా అప్పటి పండితులు ఎదురుచూస్తున్న రూపం. నలభై ఏళ్లపాటు అది పుస్తకాలలో దర్జాగా కూర్చుంది. మట్టిలో ఉన్న ఎముకలోకి నీటి నుంచి ఫ్లోరిన్ చేరుతుందని, ఒకేచోట ఒకే కాలం పాటు ఉన్న ఎముకలలో అది ఇంచుమించు సమానంగా ఉండాలని కెన్నెత్ ఓక్లీ పరీక్షించి చూశారు. అక్కడే గుట్టు బయటపడడం మొదలైంది. 1953కల్లా సంగతంతా తేలింది: దవడ ఒరాంగుటాన్‌ది, పళ్లను ఆకురాయితో అరగదీశారు, పాతగా కనిపించేందుకు ఎముకలకు రంగు పట్టించారు. అందులో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది మోసం కాదు. 1924లో దక్షిణాఫ్రికాలోని టాంగ్‌లో నిజమైన శిశువు పుర్రె దొరికి, మెదడు చిన్నదైనా తల నిటారు వెన్ను మీదే నిలిచిందని రేమండ్ డార్ట్ చెప్పినప్పుడు, పిల్ట్‌డౌన్‌కు పూర్తి విరుద్ధంగా ఉందన్న కారణంగా కూడా చాలామంది పెద్దలు దాన్ని పక్కన పెట్టారు.

అనుమానాల_పుట్ట
నిటారుగా నడిచిన సంగతి తల చూసి ఎలా తెలుస్తుంది?

పాత_ఫైలు
వెన్నుపాము పుర్రెలోకి వెళ్లే రంధ్రం నాలుగు కాళ్ల జంతువులకు వెనక వైపు ఉంటుంది, మనకు అడుగున ఉంటుంది. టాంగ్ శిశువుకు అది ముందుకు, అడుగు వైపుకు జరిగి ఉంది. మీ అమ్మాయికి ఒక కుక్క పుర్రె బొమ్మ, ఒక మనిషి పుర్రె బొమ్మ పక్కపక్కన పెట్టి చూపించండి, మీరు చెప్పక ముందే పట్టుకుంటుంది.

పళ్ల_డాక్టరు
ఒక పన్ను ఏం చెబుతుందని మొదటి టపాలో కొంచెం చులకనగా అడిగారు, వృత్తిరీత్యా నాకు మనసు చివుక్కుమంది. శరీరంలో అన్నిటికంటే గట్టిది పంటి పైపొర అయిన ఎనామిల్, అందుకే శిలాజాలలో పళ్లే ఎక్కువగా దొరుకుతాయి. ఎనామిల్ రోజుకొక సన్నని గీత చొప్పున పెరుగుతుంది, పన్ను కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ గీతలు కనిపిస్తాయి. పుట్టిన రోజున పడే గీత వేరుగా తెలుస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడి ముందు పళ్లన్నిటి మీదా ఒకే ఎత్తులో అడ్డంగా ఒక గాడి ఉండేది. రెండేళ్ల వయసులో జబ్బు చేసిందా అని అడిగితే వాళ్లమ్మ ఆశ్చర్యపోయింది, అప్పుడు మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడట. సరిగ్గా ఇటువంటి గాడులే, అంతరించిపోయిన మన దగ్గరి చుట్టాలైన నియాండర్తల్ మానవుల పిల్లల పళ్ల మీద కూడా ఉన్నాయి.

కెన్యాలోని టుర్కానా సరస్సు దగ్గర 1984లో కమోయా కిమేయు కనుగొన్న అబ్బాయి అస్థిపంజరం సంగతి చూడండి. సుమారు 15 లక్షల ఏళ్ల నాటిది. ఎత్తూ ఎముకలూ చూస్తే నేటి పన్నెండు, పదమూడేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు. పంటి గీతలు లెక్కపెట్టినవారు మాత్రం ఎనిమిదేళ్లకు అటూ ఇటూ అన్నారు. అంటే వాళ్ల పిల్లలు మన పిల్లల కంటే తొందరగా పెరిగి పెద్దయ్యేవారు. ఒక పన్ను ఇంత చెబుతుంది. ఇక పళ్ల మీది గార సంగతి ఎత్తితే తెల్లవారుతుంది. తిన్న మొక్కల పిండి రేణువులు, నోటిలోని సూక్ష్మజీవుల డీఎన్‌ఏ అందులో గట్టిపడి వేల ఏళ్లు నిలిచి ఉంటాయి.

నిద్ర_పట్టనివాడు
అయితే మా పళ్లు గీకి గీకి శుభ్రం చేస్తున్న మీరే భావి శాస్త్రవేత్తల నోట మట్టి కొడుతున్నారు.

జల్లెడ
నేను పండితుణ్ణి కాను. చదువుకునే రోజుల్లో ఒక తవ్వకంలో మూడు వారాలు జల్లెడ పట్టాను, అందుకే ఈ పేరు. నేల మీద దారాలు కట్టి చదరాలు చేస్తారు, మట్టిని గరిటెతోనూ కుంచెతోనూ కొద్దికొద్దిగా తీస్తారు, తీసిన ప్రతి బకెట్టు మీదా ఏ చదరం, ఎంత లోతు అన్న చీటీ ఉంటుంది, ఆ తరువాత నీళ్లు పోస్తూ జల్లెడ పడతారు. రాయో ఎముకో తేలనప్పుడు పాతకాలం వాళ్లు నాలుకకు తాకించి చూసేవారట, సన్నని రంధ్రాలుండే ఎముక నాలుకకు అతుక్కుంటుంది. నేనూ ఒకసారి ఆ పని చేయబోతే మా బృందనాయకురాలు కేకేసింది, డీఎన్‌ఏ తీయవలసిన ముక్క మీద నా ఉమ్మి పడితే రేపు ఆదిమానవుడికి నా పోలికలు వస్తాయని. ఆ మూడు వారాలలో నాకు దొరికింది ఎలుక పళ్లు, కప్ప ఎముకలు, నత్త గుల్లలు. వాటిని చూసి నేను నీరసపడ్డాను గాని ఆవిడ సంబరపడింది. ఎలుక జాతులు తొందరగా మారుతుంటాయి, కాబట్టి అవి పొర కాలాన్ని పట్టిస్తాయి, కప్పలూ నత్తలూ అక్కడ నీరుండేదని చెబుతాయి. మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు.

అయితే ఈ రోజుల్లో ఎముక దొరకకపోయినా పూర్తిగా చేతులెత్తేయనక్కరలేదు. గుహలోని మట్టి నుంచే నియాండర్తల్‌ల డీఎన్‌ఏ తీయగలిగామని 2017లో ప్రచురించారు.

అనుమానాల_పుట్ట
రెండో ప్రశ్న ఇంకా అలాగే ఉంది. సైబీరియాలో వేలి ఎముక ముక్క ఒకటి దొరికితే కొత్త మానవజాతి అన్నారట. ఆ ఒక్క పిల్లకే ఏదో తేడా ఉండి ఉండకూడదా?

ఐసోటోపు
న్యాయమైన ప్రశ్న. డెనిసోవా గుహలో 2008లో దొరికిన ఆ ముక్క నుంచి 2010లో డీఎన్‌ఏ చదివారు. ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. ఎముక ఆకారం ఒక మనిషి సంగతే చెప్పవచ్చు, జన్యుపటం మాత్రం ఆ మనిషికి అమ్మానాన్నలనిచ్చిన వేల పూర్వీకుల సంచి. ఒక జబ్బు వల్లనో, ఒక లోపం వల్లనో లక్షల చోట్ల అక్షరాలు మారిపోవు. పైగా అదే డీఎన్‌ఏ జాడలు నేటి పపువా న్యూగినీ ప్రజలలో గణనీయంగా ఉన్నాయి. లేని జాతి వారసత్వం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది? అదే గుహలో రెండు వేలకు పైగా గుర్తుపట్టలేని ఎముక ముక్కలను ప్రోటీన్ ఆధారంగా వడపోస్తే మానవజాతిదని తేలిన ఒక చిన్న ముక్క బయటపడింది. 2018లో దాని జన్యువులు చదివితే తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్, అంటే ఆ వేలి ఎముక జాతివాడు అని తెలిసింది. ఇద్దరూ కలిసి బతికారా అని వాదించుకుంటుండగా వాళ్ల కూతురే వచ్చి నిలబడినట్టయింది.

సగటు_పాఠకురాలు
ఇక్కడ ఎవరూ పేల ప్రస్తావన తేలేదు. తల పేను, బట్టలను పట్టుకుని బతికే పేను ఒకదాని నుంచి ఒకటి ఎప్పుడు విడిపోయాయో జన్యువుల తేడాను బట్టి లెక్కగట్టి, మనిషి బట్టలు ఎప్పుడు తొడుక్కున్నాడో అంచనా వేశారు. 2011 నాటి లెక్క ప్రకారం అది దాదాపు 1,70,000 ఏళ్ల కిందట. తోలూ నారా కుళ్లిపోతాయి కాబట్టి అంతటి పాత బట్ట ఎక్కడా దొరకదు, పేను మాత్రం సాక్ష్యం చెప్పింది. మన భాషలో దానికి 'చీరపేను' అనే పేరు ముందే ఉండడం నాకు భలే ముచ్చటగా అనిపించింది.

నిద్ర_పట్టనివాడు
చదువుతుంటే తల దురద పెడుతోంది.

పళ్ల_డాక్టరు
పేల లెక్కను నేను అంత తేలికగా ఒప్పుకోను. 2003లో ఇదే పద్ధతిలో చేసినప్పుడు దాదాపు 70 వేల ఏళ్లని వచ్చింది. మార్పులు ఎంత వేగంగా జరుగుతాయన్న ఊహ మారితే జవాబు మారిపోతుంది. పంటి గీతలాగా వేలు పెట్టి చూపించగలిగింది కాదు.

సగటు_పాఠకురాలు
నిజమే, అందుకే అంచనా అన్నాను. అయితే మీ లెక్కన చూస్తే వేలు పెట్టి చూపలేని ప్రతిదాన్నీ వదిలేయాలి. అప్పుడు మనకు రాయీ పన్నూ తప్ప ఏమీ మిగలవు. ఆ కాలాన్ని 'రాతియుగం' అనడంలోనే ఆ పొరపాటు ఉంది. వాళ్ల చేతిలో రాయి కంటే కర్రే ఎక్కువగా ఉండి ఉంటుంది, మిగిలింది మాత్రం రాయి. జర్మనీలోని షోనింగెన్‌లో గాలి చొరబడని తడి మట్టిలో కొయ్య ఈటెలు దొరకబట్టి కదా, వాళ్లు వడ్రంగం కూడా ఎరిగినవారని తెలిసింది.

ముఖచిత్రం
పాఠంలోని బొమ్మ గురించి ఒక మాట చెబుతాను, నేను ఇటువంటి బొమ్మలు గీసే పనిలో కొన్నాళ్లున్నాను. పుర్రె మీద కండరాలు అతుక్కున్న గుర్తులుంటాయి కాబట్టి దవడ ఎంత బలంగా ఉండాలో ఆధారంతోనే గీస్తాం. చెవులు, పెదవులు, ముక్కు కొస, ఒంటి మీది వెంట్రుకలు మాత్రం ఎముక మీద గుర్తు వదలవు, అవన్నీ చిత్రకారుడి దయ. ఫ్రాన్సులోని లా షపెల్-ఓ-సాన్‌లో 1908లో దొరికిన నియాండర్తల్‌ను మార్సెలాన్ బూల్ నడుం వంగి, మోకాళ్లు మడిచి నడిచేవాడిగా వర్ణించారు, బొమ్మలన్నీ దాన్నే అనుసరించాయి. 1957లో మళ్లీ పరిశీలిస్తే అతను కీళ్లవాతంతో బాధపడ్డ ముసలివాడని, ఆరోగ్యవంతులైన నియాండర్తల్‌లు మనలాగే నిలబడేవారని తేలింది. ఒక రోగి పోలికలను జాతి మొత్తానికీ అంటగట్టారు. అనుమానాల పుట్ట గారి రెండో ప్రశ్నకు ఇది చేదు జవాబు.

పాత_ఫైలు
ఇరాక్‌లోని షానిదార్ గుహలో కూడా ఇటువంటిదే జరిగింది. ఒక నియాండర్తల్ అస్థిపంజరం చుట్టూ పుప్పొడి గుత్తులుగా దొరికితే, పూలు పరిచి పాతిపెట్టారని లోకమంతా కరిగిపోయింది. ఆ పుప్పొడిని బొరియలు చేసే ఎలుకలో, నేలలో గూడు కట్టే తేనెటీగలో తెచ్చి ఉండవచ్చని తరువాత కొందరు చూపించారు. అదే గుహలోని మరో మనిషి సంగతి మాత్రం చెక్కుచెదరలేదు. చిన్నప్పుడో యవ్వనంలోనో దెబ్బతిని కుడిచేయి సగం పోయినా, ఒక కన్ను దాదాపు కనిపించకపోయినా, గాయాలు మానిన తరువాత ఏళ్ల తరబడి బతికాడు. మానిన ఎముక అబద్ధం చెప్పదు. పూల కథ పోయినందుకు నాకు బెంగ లేదు.

జల్లెడ
"ఎవరో సాకి ఉంటారు" అన్నది కూడా ఊహే కదా. ఒంటిచేత్తో తనే బతికి ఉండవచ్చు. ఎముక చెప్పింది గాయం మానిందని మాత్రమే. దక్షిణాఫ్రికాలో హోమో నలెడీ అనే మరో అంతరించిన మానవజాతి విషయంలో ఈ గొడవే నడుస్తోంది. రైజింగ్ స్టార్ గుహలో 1,500కు పైగా ఎముక ముక్కలు దొరికాయి, వాళ్లే తమవారిని అక్కడ పాతిపెట్టారని 2023లో ఆ బృందం అంటే, ఆధారాలు చాలవని సమీక్షకులు అన్నారు.

పాత_ఫైలు
సాకారని నేను అనలేదు, నా టపా మళ్లీ చదవండి. నలెడీ గురించి మాత్రం మీతో ఏకీభవిస్తాను. గోతిని తవ్వి పూడ్చితే ఆ మట్టి చుట్టూ ఉన్న మట్టి కంటే వేరుగా ఉండాలి, దాన్ని స్పష్టంగా చూపించనంతవరకూ నేను ఆగుతాను.

రాయి_రాజు
చాలా రోజులుగా చదువుతున్నాను, ఈ రోజు ధైర్యం చేస్తున్నాను. పన్నెండేళ్ల కిందట ఒక ఏటి ఒడ్డున అరచేతిలో ఇమిడే రాయి ఒకటి దొరికింది. ఒక వైపు గుండ్రంగా, మరో వైపు పెచ్చులు లేచి వాదరగా ఉంటుంది. ఇది ఆదిమానవుడి పనిముట్టేనా? ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా కాపలా కాస్తోంది.

జల్లెడ
పెచ్చు లేచిన చోట వేలితో తడిమి చూడండి. చేత్తో గట్టిగా కొట్టి లేపిన పెచ్చు మీద దెబ్బ తగిలిన చోటికి దిగువన చిన్న ఉబ్బు, రాయి మీద దానికి సరిపడే గుంట ఉంటాయి. రాళ్లు ఏట్లో దొర్లి కొట్టుకున్నా ఒకటీ రెండూ పెచ్చులు లేస్తాయి, బ్రెజిల్‌లో కపుచిన్ కోతులు రాళ్లు కొడుతుంటే కూడా అచ్చం పనిముట్లలాంటి పెచ్చులు రాలాయని 2016లో రాశారు. అందుకే ఒకే అంచు మీద, ఒకే వైపు నుంచి, వరుసగా ఎన్ని దెబ్బలున్నాయో చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, అది ఏ పొరలో, ఎలా పడి ఉంది?

రాయి_రాజు
వరుసగా అయిదు ఉన్నాయి. గుంట కూడా తగులుతోంది. ఎక్కడ పడి ఉందో మాత్రం సరిగ్గా గుర్తు లేదు, వంతెన దాటాక ఎడమ ఒడ్డో కుడి ఒడ్డో. మట్టి అంటుకుని ఉంటే ఇంటికి తెచ్చి సబ్బుతో, కుంచెతో బాగా తోమాను.

బూడిద_పొర
ఆ మట్టే గడియారం నాయనా. రాయి ఎక్కడికీ పోలేదు గాని, దాని కాలం మీ కుళాయి కింద కొట్టుకుపోయింది.

అనుమానాల_పుట్ట
ఈ టపా మా అమ్మాయికి చదివి వినిపించాను. ఏ ఒడ్డో గుర్తు తెచ్చుకోమని చెప్పమంటోంది.

రాయి_రాజు
వచ్చే నెల అటు వెళ్లే పని ఉంది. మరొకటి కనిపిస్తే ముట్టుకోకుండా, పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీస్తాను.

జల్లెడ
నాణెం కాదు, స్కేలు పెట్టండి. ఉత్తరం ఎటు వైపో మట్టి మీద ఒక బాణం కూడా గీయండి.